మెదడు కణాలకు మొక్కల అండ ఎంత?

పెద్దవారి మెదడు బరువు ఒంటి బరువులో సుమారు 2 శాతం. ఒంటికి అందే ప్రాణవాయువులో మాత్రం ఐదో వంతు దానికే ఖర్చవుతుంది. అందులోని నాడీకణాలు, అంటే న్యూరాన్లు, దాదాపు 8,600 కోట్లు. చర్మం గీరుకుపోతే కొత్త చర్మం వస్తుంది. కాలేయంలో కొంత భాగం కోసి తీసేసినా మళ్ళీ పెరుగుతుంది. న్యూరాన్లకు ఆ వెసులుబాటు లేదు. పుట్టుకతో వచ్చినవే చాలా మటుకు చివరిదాకా ఉండాలి, పోయినవి పోయినట్టే. అందుకని అవి పోకముందే కాపాడుకునే మందు కోసం వైద్యశాస్త్రం ఎన్నో దశాబ్దాలుగా వెతుకుతోంది. ఆ వెతుకులాటలో మొక్కల నుంచి వచ్చే రసాయనాలకు పెద్ద చోటే దక్కింది.

న్యూరాన్ చనిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పని చేస్తున్నప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. మెదడులో కొవ్వు పాలు ఎక్కువ, అది కూడా తేలిగ్గా ఆక్సీకరణకు లోనయ్యే రకం కొవ్వు. కాబట్టి ఫ్రీ రాడికల్స్ తాకిడి అక్కడ గట్టిగా తగులుతుంది. కణానికీ కణానికీ మధ్య సందేశం మోసే గ్లుటమేట్ అనే పదార్థం మోతాదు మించితే, అదే కణాన్ని అతిగా ఉద్రేకపరిచి చంపుతుంది. అల్జీమర్స్ వ్యాధిలో అమిలాయిడ్, టౌ అనే ప్రోటీన్లు, పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీను ముద్దలు కట్టి కణాలను పాడుచేస్తాయి. వీటికి తోడు, మెదడుకు కావలి కాసే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయి వాపు పుట్టిస్తాయి. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి జబ్బులు తెచ్చే మతిమరుపు, ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా కట్టింది.

మొక్కలు ఈ రసాయనాలను మనిషి మెదడు కోసం తయారు చేయవు. కదలలేని ప్రాణి కనుక పురుగు కొరికినా, బూజు పట్టినా, ఎండ మాడ్చినా మొక్క తన దగ్గరున్న రసాయనాలతోనే ఎదుర్కోవాలి. చేదు, వగరు, ఘాటు అన్నీ ఆ ఆయుధాల రుచులే. వాటిలో చాలా వాటికి పురుగుల నాడీమండలమే గురి. పురుగుకూ మనిషికీ నాడీకణాల యంత్రాంగంలో పోలికలు ఉండడం వల్లే పురుగు కోసం పుట్టిన రసాయనం మనిషి మెదడు మీదా పనిచేస్తుంది. ఒక్కోసారి మేలు చేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

మేలు ఎలా జరుగుతుందన్న విషయంలో పాత అభిప్రాయం మారింది. ఈ రసాయనాలు నేరుగా ఫ్రీ రాడికల్స్‌ను పట్టి నిర్వీర్యం చేస్తాయని ఒకప్పుడు అనుకునేవారు. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట డబ్బాల మీదికి ఎక్కింది అప్పుడే. కానీ తిన్నదానిలో మెదడుకు చేరేది అణుమాత్రం. ఆ కొద్దిపాటి రసాయనం అన్ని ఫ్రీ రాడికల్స్‌ను ఒక్కొక్కటిగా పట్టుకోవడం లెక్కకు పొసగదు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ వేరు. కొద్ది మోతాదులో ఈ రసాయనం కణానికి ఒక చిన్న బెదిరింపులా పనిచేస్తుంది. దాంతో కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్ మేల్కొని, కణం సొంత రక్షణ ఎంజైములను తయారు చేసే జన్యువులను పనిలోకి దింపుతుంది. బ్రోకలీ, క్యాబేజీ జాతి కూరల నుంచి వచ్చే సల్ఫొరఫేన్ ఈ దారిలో పనిచేస్తుందని బాగా పరిశీలించారు. 2013లో అమెరికాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధికి అనుమతి పొందిన డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రకూ ఇదే దారి ఉంది. ఫ్యూమేరియా అనే కలుపు మొక్క పేరు మీదుగా పిలిచే ఫ్యూమరిక్ ఆమ్లం నుంచి వచ్చిన మందు అది. ఇప్పుడు కర్మాగారంలోనే తయారవుతుంది.

మొక్కల నుంచి మెదడు జబ్బులకు నిఖార్సయిన మందులు రాలేదా అంటే వచ్చాయి. ఐరోపాలో చలికాలం చివర మంచులోంచి తల ఎత్తే తెల్లటి స్నోడ్రాప్ పూల మొక్క దుంపలో గాలంటమిన్ ఉంటుంది. 1950ల్లో సోవియట్ యూనియన్, బల్గేరియా శాస్త్రవేత్తలు దాన్ని వెలికితీసి, మొదట పోలియో తర్వాత మిగిలే కండరాల నీరసానికి వాడారు. అల్జీమర్స్ మందుగా అమెరికా దాన్ని ఆమోదించింది 2001లో. జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం మెదడులో త్వరగా విచ్ఛిన్నం కాకుండా అది ఆపుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో దోషిని తేల్చడానికి ఒకప్పుడు తినిపించిన కలబార్ చిక్కుడు గింజ ఇంకా విచిత్రమైనది. ఆ విషపు గింజ నుంచి 1864లో ఫైసోస్టిగ్మిన్ వేరుచేశారు. ఇప్పుడు మన ఊళ్ళ మందుల షాపుల్లో దొరికే రివాస్టిగ్మిన్ ఆ అణువు నమూనాలో మలచినదే.

ఈ మందులు న్యూరాన్ చావును మాత్రం ఆపవు. మిగిలిన కణాల మధ్య మాట నడిచేలా కొంతకాలం సాయం చేస్తాయి, అంతే. లోటు భర్తీ చేయడం ఒకటి, కణాన్ని కాపాడడం మరొకటి. మొక్కల మందుల గురించి రాసే వ్యాసాల్లోనూ ప్రకటనల్లోనూ ఈ రెండిటినీ కలిపేయడమే అసలు గందరగోళానికి మూలం.

దూలగొండి విషయంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. చేల గట్ల మీద, కంచెల మీద అల్లుకునే ఈ తీగ కాయ నూగు ఒంటికి తగిలితే దురద పుట్టి గోకలేక చావాలి. దాని గింజలో ఎల్-డోపా అనే రసాయనం సుమారు 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. ఐరోపాలో చిక్కుడు జాతి గింజ నుంచి ఎల్-డోపాను 1913లో వేరుచేస్తే, దూలగొండి గింజలో అది ఉందని 1937లో మద్రాసులో పనిచేస్తున్న దామోదరన్, రామస్వామి చూపించారు. అప్పటికి దానికీ మెదడుకూ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. పార్కిన్సన్స్ రోగుల మెదడులో డోపమిన్ అనే సందేశ పదార్థం తగ్గుతుందన్న సంగతి, మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే బిగుసుకుపోయిన మనిషి లేచి నడుస్తాడన్న సంగతి 1960ల్లో తేలాయి. ఈనాటికీ పార్కిన్సన్స్‌కు అంతకు మించిన మందు రాలేదు.

లండన్‌లో 8 మంది రోగులపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. 30 గ్రాముల దూలగొండి గింజల పొడి మామూలు మాత్ర కన్నా త్వరగా పనిచేసింది, ఎక్కువసేపు నిలిచింది. ఆయుర్వేదంలో కంపవాతానికి ఆ గింజను వాడుతూ వచ్చినవారి అనుభవానికి ఇది మంచి సాక్ష్యమే. కానీ గింజ గింజకూ ఎల్-డోపా పాలు మారుతుంది. మాత్రలు వేసుకుంటున్న రోగి డాక్టరుకు చెప్పకుండా పొడి కూడా కలిపితే మోతాదు ఎక్కువై చేతులు కాళ్ళు వాటంతట అవే మెలికలు తిరగడం, లేనివి కనిపించడం, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం జరగవచ్చు. పైగా ఎల్-డోపా గింజలో ఉన్నా మాత్రలో ఉన్నా అది చేసేది డోపమిన్ లోటు తీర్చడమే. కణాలు రాలిపోవడం లోపల సాగుతూనే ఉంటుంది.

కణాన్ని నిజంగా కాపాడుతుందని అందరికన్నా ఎక్కువ పేరు పడ్డది పసుపు. నిజామాబాద్, దుగ్గిరాల యార్డులకు వచ్చే పసుపు కొమ్ములో ఆ రంగుకు కారణమైన కుర్కుమిన్ సగటున 3 శాతం ఉంటుంది. 2001లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా పెంచిన ఎలుకలకు కుర్కుమిన్ కలిపిన మేత పెట్టారు. వాటి మెదడులో అమిలాయిడ్, వాపు తగ్గాయి. దాదాపు అదే కాలంలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో అల్జీమర్స్ చాలా తక్కువని ఒక అధ్యయనం చెప్పింది. రెండూ కలిపి, భారతీయులను పసుపే కాపాడుతోందన్న కథ ప్రపంచమంతా పాకింది. ఆ పల్లెల్లో ఆయుర్దాయం తక్కువ, అల్జీమర్స్‌కు దారితీసే జన్యు రకం కూడా తక్కువ. ఈ సంగతులు కథలోకి రాలేదు. దేశమంతటా డిమెన్షియా లెక్క తీస్తే 60 దాటినవారిలో 7.4 శాతం తేలింది కదా, రోజూ పసుపు తినే ఇళ్ళలోనే.

మనుషులపై పరీక్షలు నిరాశపరిచాయి. 2008లో హాంకాంగ్‌లో 34 మంది అల్జీమర్స్ రోగుల్లో ఆరు నెలలు, 2012లో వెలువడిన కాలిఫోర్నియా పరీక్షలో 36 మందిలో 24 వారాలు కుర్కుమిన్‌ను పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ కుర్కుమిన్ వాడినవారికీ తేడా రాలేదు. 2018లో ఒక పరీక్ష మాత్రం ఆశ పుట్టించింది. డిమెన్షియా లేని 40 మందిలో, తేలిగ్గా ఒంటబట్టేలా తయారుచేసిన కుర్కుమిన్‌ను 18 నెలలు రోజుకు రెండుసార్లు 90 మిల్లీగ్రాముల చొప్పున వాడినవారికి జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడింది. నలభై మందిని చూసి లోకానికంతా మందు రాయలేరు.

కుర్కుమిన్‌తో చిక్కు రెండు చోట్ల ఉంది, మొదటిది మన ఒంట్లోనే. మింగినది చాలా మటుకు పేగుల్లోంచి రక్తంలోకి చేరదు, చేరినదాన్ని కాలేయం వెంటనే మార్చేస్తుంది. రక్తం నుంచి మెదడులోకి పోయే దారిలో రక్తనాళాల గోడల కణాలు ఒకదానికొకటి అతుక్కుని కట్టిన అడ్డుగోడ ఉంది. దాన్ని దాటేది మరీ స్వల్పం. 2 గ్రాముల కుర్కుమిన్ కావాలంటే రోజుకు 65 గ్రాములకు పైగా పసుపు తినాలి. పులుసులో వేసే చిటికెడుతో ఆ లెక్క ఎక్కడా కలవదు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియాల ఘాటు, జోడిస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని చూపించారు. మాత్రల తయారీదార్లు చాలామంది ఇప్పుడు ఈ సూత్రాన్నే వాడుతున్నారు. కాకపోతే పైపెరిన్ ఒక్క కుర్కుమిన్‌తో ఆగదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ లాంటి మందుల పాళ్ళనూ రక్తంలో పెంచేస్తుంది. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

రెండో చిక్కు ప్రయోగశాలలోనే ఉంది. కుర్కుమిన్ తనంతట తాను వెలుగు చిమ్ముతుంది, కనిపించిన ప్రోటీనుకల్లా అతుక్కుంటుంది, ద్రావణంలో త్వరగా విరిగిపోతుంది. వెలుగును కొలిచి ఫలితం చెప్పే పరీక్షల్లో ఏ గుణమూ లేకున్నా ఉన్నట్టు చూపించగలదు. కుర్కుమిన్‌పై వచ్చిన వేల పరిశోధన పత్రాలను 2017లో రసాయన శాస్త్రవేత్తలు వడపోసి, నూటికి పైగా మానవ పరీక్షల్లో ఒక్కటీ గట్టిగా నెగ్గలేదని తేల్చారు. కూరలో పసుపు మానాల్సిన పని లేదు. మానాల్సింది మెరుపు రంగు చూసి విడి పసుపు కొనడం. ఆ రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్‌లోని సీసం మెదడుకు నేరుగా విషం.

సరస్వతి ఆకు పేరుతో తెలుగు నేల మీద రెండు వేర్వేరు మొక్కలు చెలామణి అవుతున్నాయి. గుండ్రటి ఆకులతో నేల మీద పాకేది ఒకటి, చిన్న దళసరి ఆకులతో నీటి చెమ్మలో పెరిగే బ్రహ్మి మరొకటి. వాటి రసాయనాలు వేరు. కొనేవాడికి ఏది దక్కిందో డబ్బా చూసి తెలియదు. బ్రహ్మిలోని బాకోసైడ్లపై లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ 1960ల నుంచి పనిచేసింది. 2001లో ఆస్ట్రేలియా పరీక్షలో ఆరోగ్యంగా ఉన్నవారు రోజుకు 300 మిల్లీగ్రాముల సారం 12 వారాలు వాడాక కొత్త విషయం నేర్చుకునే వేగం కొంత పెరిగింది. మొక్కల మందుల్లో ఇది మెరుగైన ఫలితమే. అయితే ఆరోగ్యవంతుడి జ్ఞాపకం పదును తేలడం వేరు, జబ్బుపడ్డ కణం బతకడం వేరు. కొందరికి కడుపులో తిప్పడం, విరేచనాలు కూడా వస్తాయి.

అశ్వగంధపై మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2012లో ప్రచురించిన పని ఇంతకన్నా ఆసక్తికరం. అల్జీమర్స్ ఎలుకలకు వేరు సారం 30 రోజులు ఇస్తే మెదడులోని అమిలాయిడ్ తగ్గింది, దారి మరిచిన ఎలుకలు మళ్ళీ దారి పట్టాయి. విశేషం ఏమిటంటే ఆ సారం ప్రధానంగా పనిచేసింది కాలేయంలో. రక్తంలోని అమిలాయిడ్‌ను పట్టే ఒక ప్రోటీను కాలేయంలో పెరిగి, మెదడు నుంచి అమిలాయిడ్‌ను బయటికి లాగింది. మెదడు అడ్డుగోడ దాటకుండానే మెదడుకు మేలు జరిగే దారి ఉండవచ్చన్న ఆలోచన ఇక్కడ దొరికింది. మనుషుల్లో అంత గట్టి రుజువు ఇంకా రాలేదు.

విదేశాల్లో పేరుపొందిన మూడు పదార్థాలకు పెద్ద పరీక్షలే జరిగాయి. జింగో ఆకు సారాన్ని అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 3,069 మందిపై ఆరేళ్ళు పరీక్షించారు. డిమెన్షియా రావడం తగ్గలేదని 2008లో తేలింది. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్‌ను 119 మంది అల్జీమర్స్ రోగుల్లో ఏడాది పాటు పరీక్షించి 2015లో ఫలితాలు వెల్లడించారు. ఆ మందు తీసుకున్నవారి మెదడు పరిమాణం ఉత్తుత్తి మాత్ర వారికన్నా ఎక్కువ తగ్గింది. ఎందుకన్నదానికి ఒకే జవాబు లేదు. గ్రీన్ టీలోని ఈజీసీజీ పరీక్షనాళికలో ఆల్ఫా సిన్యూక్లిన్ ముద్దలను విషం లేని రూపంలోకి మళ్ళించగలదని 2008లో జర్మన్ శాస్త్రవేత్తలు చూపించారు. పార్కిన్సన్స్‌ను పోలిన ఒక అరుదైన వ్యాధితో బాధపడుతున్న 92 మందిపై అక్కడే జరిగిన పరీక్షలో మాత్రం జబ్బు వేగం తగ్గలేదు, కొందరి కాలేయం దెబ్బతింది. టీ తాగితే ఇలా కాదు. సారంగా తీసి మాత్రలో దట్టించిన మోతాదు తెచ్చే చిక్కు ఇది.

మొక్కే న్యూరాన్‌ను చంపిన ఉదాహరణలు మన దగ్గరా, బయటా ఉన్నాయి. కరువు కాలంలో కేసరి పప్పే తిండిగా బతికిన వారికి రెండు మూడు నెలల్లో కాళ్ళు బిగుసుకుపోయేవి, ఆ వైకల్యం జీవితాంతం మిగిలేది. దానికి కారణమైన ఓడీఏపీ అనే విషాన్ని 1964లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ వేరుచేశారు. రావు ఆ తర్వాత హైదరాబాదు ఉస్మానియాలో ఆచార్యులుగా ఈ పరిశోధన కొనసాగించారు. ఓడీఏపీ అచ్చంగా గ్లుటమేట్‌లా నటించి, కాళ్ళను ఆడించే న్యూరాన్లను అతిగా ఉద్రేకపరిచి చంపుతుంది. ఇంకొకటి లక్ష్మణ ఫలం. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో పార్కిన్సన్స్‌ను పోలిన, మందులకు లొంగని జబ్బు ఎక్కువగా కనిపిస్తే, ఈ పండునూ దాని ఆకుల కషాయాన్నీ ఎక్కువగా వాడేవారికి దానితో సంబంధం ఉందని 1999లో బయటపడింది. అందులోని అన్నోనసిన్ మైటోకాండ్రియాకు అడ్డుపడుతుందని తర్వాత ప్రయోగాల్లో తేలింది. ఇదే పండును, ఇదే ఆకు కషాయాన్ని తెలుగు రాష్ట్రాల్లో క్యాన్సర్ మందు పేరుతో అమ్ముతున్నారు. ఎప్పుడో ఒక పండు తింటే భయం లేదు, రోజూ కషాయం తాగడమే ప్రమాదం.

ఎలుకలో నెగ్గినది మనిషిలో ఓడిపోవడానికి ఒక పెద్ద కారణం కాలం. ఎలుకకు జబ్బు ముదరకముందే మందు మొదలుపెడతారు. మనిషిలో పార్కిన్సన్స్ వణుకు కనబడేనాటికి డోపమిన్ తయారుచేసే కణాల్లో సగం దాకా రాలిపోయి ఉంటాయి. అల్జీమర్స్ అమిలాయిడ్ మతిమరుపుకు పదిహేను ఇరవై ఏళ్ళ ముందే పేరుకోవడం మొదలవుతుంది. ఆలస్యంగా ఇచ్చిన మందు పనిచేయలేదంటే మందులో గుణం లేదని ఖాయంగా చెప్పలేరు. అలాగని గుణం ఉందనీ అనలేరు. మందులు అమ్మేవారికి కావలసింది సరిగ్గా ఈ మధ్య జాగానే. అంత ముందుగా మందు మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు గమనించే పరీక్షకు డబ్బు పెట్టేవారు దొరకరు, అందులోనూ పేటెంటు రాని పసుపుకు.

కణం చావు గంటల్లో జరిగిపోయే జబ్బు పక్షవాతం. మెదడు రక్తనాళం పెద్దది మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు పోతాయి. పక్షవాతంలో కణాలను కాపాడతాయని ప్రయోగశాలల్లో ఆశ చూపిన చికిత్సలను 2006లో ఒక సమీక్ష లెక్కవేస్తే 1,026 తేలాయి. ఆసుపత్రి వాడుకలో నిలబడ్డవి దాదాపు లేవు. అలాంటి చోట సెలరీ అనే వాము జాతి మొక్క గింజల్లో మొదట దొరికిన బ్యూటిల్‌థాలైడ్ ఇప్పుడు ఆశ రేపుతోంది. కృత్రిమంగా తయారుచేసిన ఈ మందును చైనా 2002లోనే ఆమోదించింది. 1,216 మంది రోగులపై అక్కడ జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మందు తీసుకున్నవారిలో 56.7 శాతం మంది 90 రోజుల తర్వాత బాగా కోలుకుంటే, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 44 శాతమే. ఇతర దేశాల్లోనూ ఇదే ఫలితం వస్తే, మొక్క నుంచి వచ్చిన తొలి నిఖార్సయిన మెదడు రక్షక మందు ఇదే అవుతుంది.

ఆ పరీక్షలో చేరిన వారందరూ ఆరు గంటలలోపు ఆసుపత్రికి వచ్చినవారు, రక్తపు గడ్డను కరిగించే మందో, గడ్డను బయటికి లాగే చికిత్సో అందుకున్నవారు. ఆ చికిత్సకు తోడుగానే ఈ మందు పనిచేసింది, దానికి బదులుగా కాదు. మన పల్లెల్లో ఇప్పటికీ మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా మొదట పసరు మందు పోసే ఊరికి బయలుదేరుతున్నారు. గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటలలోపే పనికొస్తుంది. ఇంట్లో ఎవరికైనా ముఖం ఒక పక్కకు లాగేసినా, చేయి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళండి. ఎప్పటినుంచి అలా ఉందో గడియారం చూసి డాక్టరుకు చెప్పండి, రోగి వాడుతున్న మూలికలు, పొడులు, మాత్రలన్నిటి పేర్లూ దాచకుండా చెప్పండి.